మన దేశపు వెబ్‌సైట్లు ఏ సర్వర్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఉన్నాయి? కాలేజీ కమిటీకి ఏమని చెప్పను?

గునుపూడి, భీమవరం

అందరికీ నమస్కారమండి. భీమవరంలో చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు నడుపుతున్నాను. ఇక్కడికి దగ్గర్లోని ఒక డిగ్రీ కాలేజీ సైటు మొత్తం కొత్తగా చేసే పని మా చేతికొచ్చింది. అడ్మిషన్లు, ఫీజులు, హాల్ టికెట్లు, నోటీసులు అన్నీ అందులోనే. మొన్న మీటింగులో సెక్రటరీ గారు ఒకే మాట అన్నారు: "దేశంలో ఎక్కువమంది ఏ సర్వర్ వాడుతున్నారో కనుక్కో, మనమూ అదే పెడదాం." ఎక్కువమంది వాడేదైతే రేపు ఏదైనా పాడైతే బాగుచేసేవాడు దొరుకుతాడని ఆయన ఆలోచన. అందులో న్యాయం ఉంది.

తీరా వెతికితే బుర్ర తిరిగింది. ఒక సర్వేలో యూనిక్స్ రకాలు (లినక్స్ కూడా వీటిలో ఒకటి) నూటికి తొంభై దాకా అని ఉంది. అదే సర్వేలో లినక్స్ పేజీ తెరిస్తే అరవై లోపే చూపిస్తోంది. 2014 నాటి వ్యాసం ఒకటి మైక్రోసాఫ్ట్ మొదటి స్థానానికి వచ్చిందంటోంది. ఇంకోచోట భారతదేశం అని విడిగా పట్టిక ఇచ్చారు గానీ, భారతదేశపు సైటు అంటే ఏది లెక్కలోకి వస్తుందో రాయలేదు. వీటిలో ఏది పట్టుకెళ్ళి కమిటీ ముందు పెట్టాలి?

నాకు సైట్లు రాసే పీహెచ్‌పీ భాష బాగా వచ్చు. సర్వర్ సంగతి ఇన్నాళ్ళూ హోస్టింగ్ వాళ్ళే చూసుకున్నారు. కాలేజీ ఆఫీసులో ఫీజు లెక్కలకి ఒక విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో రాసిన పాత సాఫ్ట్‌వేర్ వేరే ఉంది, దాని రిపోర్టులు కూడా ఎలాగోలా సైటుకి కలపాలట.

రొయ్యల రేటు, ఆకివీడు

లినక్స్ పెట్టెయ్యండి, ఇంకేం ఆలోచించకండి. మా రొయ్యల ధరల సైటు ఉబుంటు అనే లినక్స్ రకం మీద ఉంది. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వర్చువల్ సర్వర్, ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం, అంతే. తెల్లారేసరికి 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ఎంత, 100 కౌంట్ ఎంత అని రైతులందరూ ఒక్కసారిగా వచ్చి పడతారు. తొమ్మిది దాటాక ఎవరూ రారు. ఆ మూడు గంటలూ చెక్కు చెదరకుండా నిలబడుతుంది.

డాట్‌నెట్ పాలకొల్లు

అన్నా, అంత తొందరగా తేల్చకండి. ఆయన చివరి పేరాలో రాసింది చూశారా? ఆఫీసులో పాత డాట్‌నెట్ సాఫ్ట్‌వేర్ ఉందన్నారు. అది డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4 కాలం నాటిదైతే విండోస్ మీద తప్ప నడవదు. రిపోర్టులు క్రిస్టల్ రిపోర్ట్స్‌లో చేసి ఉంటే మరీను. మన జిల్లాల్లో కాలేజీలకీ, సహకార సంఘాలకీ, రైస్ మిల్లులకీ పదిహేనేళ్ళుగా మేం రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ చాలావరకు అదే. దాన్ని చూసుకునే క్లర్కుకి స్క్రీన్ మీద కిటికీలు, బటన్లు కావాలి. నల్ల తెర మీద కమాండ్లు కొట్టమంటే ఎవరు కొడతారు?

ఇంకో సంగతి. ఉచితంగా వచ్చేదానికి బాధ్యత ఎవరిది? లోపం బయటపడితే మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్ (లోపం సరిచేసే సవరణ) ఇస్తుంది. ఫోను చేస్తే ఎత్తేవాడుంటాడు. కమిటీలకి ఇది ముఖ్యం.

ధవళేశ్వరం

గునుపూడి గారూ, మీరు చూసిన లెక్కలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఎవరు దేన్ని కొలిచారన్నదే తేడా. వరదప్పుడు భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఇక్కడ మా బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి ఇస్తారు. నది ఒకటే, స్కేలు పాతిన చోటు వేరు. మీరు చూసిన శాతాలూ అలాంటివే.

ముందు ఆ 2014 వ్యాసం సంగతి. నెట్‌క్రాఫ్ట్ అనే బ్రిటిష్ సంస్థ 1995 నుంచీ వెబ్ సర్వర్లను లెక్కపెడుతోంది. 2014 జూలైలో వాళ్ళ మొత్తం సైట్ల లెక్కలో మైక్రోసాఫ్ట్ అపాచీని (ఎక్కువగా లినక్స్ మీద నడిచే వెబ్ సర్వర్ ప్రోగ్రాం) దాటింది, నిజమే. కానీ ఆ మొత్తంలో ఎవరూ చూడని పేజీలు, అమ్మకానికి పెట్టి ఖాళీగా వదిలేసిన డొమైన్లు కోట్లలో ఉంటాయి. వాటిని తీసేసి చురుగ్గా ఉన్న సైట్లే చూస్తే అప్పటికీ అపాచీదే పైచేయి. ఇలాంటిది అంతకు ముందూ జరిగింది. 2006లో గోడాడీ సంస్థ తన దగ్గర ఖాళీగా పడున్న డొమైన్లను లక్షల కొద్దీ లినక్స్ నుంచి విండోస్ సర్వర్ 2003కి మార్చింది. ఆ ఒక్క నిర్ణయంతో ప్రపంచం లెక్కలోనే మైక్రోసాఫ్ట్ వాటా నాలుగు శాతానికి పైగా పెరిగింది. ఎవరో ఎక్కడో తమ సైటును విండోస్‌కి మార్చుకోవాలని అనుకున్నందువల్ల పెరిగిన వాటా కాదది.

ఇక తొంభై, అరవై తేడా. మీరు చూసింది డబ్ల్యూ3టెక్స్ అనుకుంటాను. వాళ్ళు సైటు బయటికి చెప్పే ఆనవాళ్ళను బట్టి రాస్తారు. కొన్ని సర్వర్లు మేం ఉబుంటు, మేం డెబియన్ (ఇదీ లినక్స్ రకమే) అని హెడర్‌లోనే, అంటే ప్రతి జవాబుతో పంపే వివరాల్లోనే చెప్పుకుంటాయి. కొన్ని యూనిక్స్ జాతి అనేంతవరకే తెలుస్తుంది, ఆపైన ఏదో పట్టుబడదు. ఆ పట్టుబడనివి యూనిక్స్ ఖాతాలో పడతాయి, లినక్స్ ఖాతాలో పడవు. వాటిలోనూ ఎక్కువ లినక్సే అయి ఉండాలి, ఎందుకంటే ఫ్రీబీఎస్‌డీ లాంటివి వెబ్‌సైట్లలో చాలా తక్కువ. నెట్‌ఫ్లిక్స్ తన వీడియోలు పంపే పెట్టెల్లో ఫ్రీబీఎస్‌డీ వాడుతుంది గానీ, మామూలు హోస్టింగ్‌లో అది కనబడటం అరుదు.

విండోస్‌ను పట్టుకోవడం తేలిక. ఐఐఎస్ అనే వెబ్ సర్వర్ విండోస్ మీద తప్ప ఉండదు. హెడర్‌లో మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ 8.5 అని ఉంటే అది విండోస్ సర్వర్ 2012 ఆర్2. 7.5 అంటే 2008 ఆర్2. 10.0 అంటే 2016 గానీ ఆ తర్వాతది గానీ. హెడర్ దాచేసినా పింగ్ కొట్టి చూడొచ్చు. విండోస్ పంపే ప్యాకెట్ టీటీఎల్ (ఎన్ని రూటర్లు దాటగలదో చెప్పే అంకె) 128 దగ్గర మొదలవుతుంది, లినక్స్‌ది 64 దగ్గర. దారిలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. మీకు 52 వచ్చిందనుకోండి, అవతల లినక్స్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అయితే మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ లాంటిది ఉంటే మీకు జవాబిచ్చేది ఆ మధ్యవాడు. వెనకాల అసలు సర్వర్ ఏదో అది చెప్పదు.

ఇంకోటి: సైట్లను లెక్కపెట్టడం వేరు, యంత్రాలను లెక్కపెట్టడం వేరు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే లినక్స్ యంత్రం మీద వందల సైట్లు ఉంటాయి. ఆఫీసుల్లోని విండోస్ సర్వర్ మీద సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. అందుకే యంత్రాల లెక్కలో విండోస్ కాస్త పైకి వస్తుంది, సైట్ల లెక్కలో కిందికి పోతుంది. నెట్‌క్రాఫ్ట్ ఈ రెండూ విడివిడిగా ఇస్తుంది. మీ పట్టికలో ఏది ఉందో ముందు చూడండి.

వైనతేయ, హైదరాబాద్ (సొంతూరు రాజోలు)

ధవళేశ్వరం గారు చెప్పిందానికి ఒక మాట కలుపుతాను. "దేశపు సైటు" అనే దగ్గర కూడా మూడు రకాల లెక్కలున్నాయి.

ఒకటి, డాట్ ఇన్ డొమైన్లన్నీ. వీటి రిజిస్ట్రీ (నమోదు పని) నిక్సీ అనే సంస్థ చూస్తుంది. 2005లో నిబంధనలు సడలించి అందరికీ ఇవ్వడం మొదలుపెట్టాకే డాట్ ఇన్ పెరిగింది. కానీ మన భీమవరం, కాకినాడ వ్యాపారాల్లో సగం డాట్ కామ్ మీదే ఉంటాయి. అవి ఈ లెక్కలోకి రావు. డాట్ ఇన్ కొనుక్కున్న విదేశీయులు మాత్రం వస్తారు.

రెండోది, యంత్రం ఎక్కడుందో చూసి లెక్కపెట్టడం. ఒకప్పుడు మనవాళ్ళ సైట్లు చాలావరకు అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉండేవి, అక్కడ చౌక కాబట్టి. మైక్రోసాఫ్ట్ అజూర్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలో కేంద్రాలు తెరిచింది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో పెట్టింది. గూగుల్ 2017లో ముంబై వచ్చింది. అప్పటినుంచి ఈ లెక్కలో మన దేశం బొమ్మే మారిపోయింది. అదే సైటు, అదే ఓఎస్, చోటు మారేసరికి వేరే దేశం పట్టికలోంచి మన పట్టికలోకి వచ్చి చేరింది.

మూడోది, మన జనం చూసే సైట్లు. అందులో గూగుల్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ అన్నీ పడతాయి. అవన్నీ లినక్సే. ఆ లెక్క తీసుకుంటే విండోస్ దాదాపు కనబడదు.

ఏ లెక్క తీసుకున్నా లినక్సే ముందు. ఎంత ముందు అన్నది మాత్రం లెక్కను బట్టి మారుతుంది. కమిటీకి ఈ మాట చాలు. కచ్చితమైన శాతం చెప్పాలని ప్రాకులాడకండి.

పాలకొల్లు గారు బాధ్యత ఎవరిదని అడిగారు. మంచి ప్రశ్న, దానికి జవాబు ఇవ్వాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో ఒకరు దొంగదారి పెట్టారు. ఆ ప్రాజెక్టులో చాలాకాలం మంచివాడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి మరీ పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి ఎప్పటికంటే అర సెకను ఎక్కువ పడుతోందని ఒక ఇంజినీరు గమనించి, ఎందుకో తవ్వి పట్టుకున్నాడు. ఆయన పేరు ఆండ్రెస్ ఫ్రాయిండ్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లోనే. అప్పటికి అది డెబియన్ పరీక్ష వెర్షన్లు, ఫెడోరా అనే లినక్స్ ముందస్తు వెర్షన్లు లాంటి వాటిలోకే వెళ్ళింది. స్థిరమైన వెర్షన్లు వాడే సర్వర్లకి చేరకముందే ఆగింది. సోర్స్ అందరికీ తెరిచి ఉండబట్టే బయటి మనిషి అంత లోతుకి వెళ్ళి చూడగలిగాడు. అదే సమయంలో, అంత ముఖ్యమైన లైబ్రరీని ఒకే ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకుంటున్నాడన్న సంగతి కూడా అప్పుడే అందరికీ తెలిసింది. అది నిజంగా దిగులు పడాల్సిన విషయమే. ఉచితంగా వాడుకునే కంపెనీలు ఆ మనుషులకి డబ్బు రూపంలోనో పని రూపంలోనో సాయం చెయ్యాలని నేను గట్టిగా నమ్ముతాను.

గునుపూడి, భీమవరం

చాలా థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. మీరు చెప్పినట్టు కాలేజీ పాత సైటు హెడర్ తీసి చూశాను. ఇలా వచ్చింది:

సర్వర్: అపాచీ/2.4.6 (సెంట్ఓఎస్) ఓపెన్ఎస్ఎస్ఎల్/1.0.2కె-ఫిప్స్ పీహెచ్‌పీ/5.4.16

అంటే ఇప్పటికే లినక్స్ మీదే ఉందన్నమాట. అయితే మార్చక్కర్లేదా? కొత్త సైటు అక్కడే పెట్టెయ్యొచ్చా?

ధవళేశ్వరం

వద్దు. దయచేసి అక్కడ పెట్టకండి.

ఆ ఒక్క లైనులో చాలా ఉంది. అపాచీ 2.4.6, పీహెచ్‌పీ 5.4.16 అనే జోడీ సెంట్ఓఎస్ 7 అనే లినక్స్‌తో పాటు వచ్చేది. సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తో ఆయుష్షు తీరిపోయింది. ఆ తర్వాత బయటపడిన లోపాల్లో దేనికీ ఆ యంత్రానికి ప్యాచ్ రాలేదు, ఇకముందూ రాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామంది దీన్ని అపార్థం చేసుకుంటారు. పీహెచ్‌పీ 5.4ను దాన్ని తయారు చేసినవాళ్ళు 2015లోనే ఆపేశారు. అయినా 2024 దాకా సెంట్ఓఎస్ 7 మీద అది ఉండటం తప్పేం కాదు. ఎందుకంటే సెంట్ఓఎస్‌కి మూలమైన లినక్స్ తయారుచేసే రెడ్ హ్యాట్ వాళ్ళు కొత్త వెర్షన్లో వచ్చిన ముఖ్యమైన భద్రతా సవరణలను పాత వెర్షన్‌కి అతికించి ఇచ్చేవారు, నంబరు మార్చకుండా. కాబట్టి నంబరు పాతగా ఉందని భయపడక్కర్లేదు, ఓఎస్‌కి గడువు ఉన్నంతకాలం. ఆ గడువు ముగిశాక అతికించేవాళ్ళు లేరు. ఇప్పుడు భయపడాలి.

పిల్లల ఫోటోలు, ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు ఉండే సైటు అది. ఎవరి వాటా ఎంత అనే ప్రశ్న కంటే ముందు చూడాల్సింది ఇదే. లినక్స్ నూటికి ఎంత అని చెప్పే ఏ పట్టికలోనైనా ఇలా గడువు తీరిన యంత్రాలు కూడా కలిసే ఉంటాయి. లినక్స్ వాటాలోకి మీ కాలేజీ కూడా ఒక సంఖ్యగా చేరింది, అంతమాత్రాన అది భద్రంగా ఉన్నట్టు కాదు.

లంకగాలి, అమలాపురం

సెంట్ఓఎస్ పేరు వినగానే నాకు కడుపు మండుతుంది. ఆ కథ కొత్తవాళ్ళకి తెలియాలి.

2004లో మొదలైంది సెంట్ఓఎస్. రెడ్ హ్యాట్ డబ్బు తీసుకుని ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్ తీసుకుని, వాళ్ళ పేరు, గుర్తులు తొలగించి, మళ్ళీ కట్టి ఉచితంగా ఇచ్చేవారు. పదేళ్ళ దాకా ప్యాచ్‌లు వస్తాయని భరోసా. మన దేశంలో హోస్టింగ్ అమ్మేవాళ్ళలో ఎక్కువమంది సెంట్ఓఎస్ మీద సీప్యానెల్ (సైటును తెర మీద బటన్లతో చూసుకునే ప్రోగ్రాం) పెట్టి ఇచ్చారు. డొమైన్, హోస్టింగ్ కలిపి ఏడాదికి కొద్ది వందల రూపాయలకి దొరికిందంటే వెనకాల ఉన్నది అదే. కోనసీమలో కొబ్బరి వ్యాపారులు, ట్రావెల్స్ వాళ్ళు, ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు సైటు పెట్టుకోగలిగింది దాని పుణ్యమే.

2014 జనవరిలో రెడ్ హ్యాట్ దాన్ని తమ నీడలోకి తీసుకుంది. 2019లో ఐబీఎం రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకి కొంది. 2020 డిసెంబర్ 8న ప్రకటన వచ్చింది: సెంట్ఓఎస్ 8కి 2029 దాకా ప్యాచ్‌లు ఇస్తామన్నది 2021 చివరికే ఆపేస్తున్నాం అని. ఏడేళ్ళకి పైగా ఒక్క వేటుకి కోసేశారు. మాట నమ్మి అప్పటికే 8కి మారినవాళ్ళకి ఏడాది టైమిచ్చారు. 7లోనే ఉండిపోయినవాళ్ళు ఇంకా నయం.

ఆ ప్రకటన తర్వాతే రెండు కొత్త పంపిణీలు పుట్టాయి. ఆల్మాలినక్స్ 2021 మార్చిలో, రాకీ లినక్స్ అదే ఏడు జూన్‌లో. సెంట్ఓఎస్ మొదలుపెట్టినవాళ్ళలో చనిపోయిన రాకీ మెక్‌గా పేరు ఆ రెండోదానికి పెట్టారు. ఇప్పటి పట్టికలు చూడండి, సెంట్ఓఎస్ ఏటేటా కిందికి, ఉబుంటు, డెబియన్ పైన.

మా షాపుకి హోస్టింగ్ ఇచ్చిన సంస్థ 2024 జూన్ దాటినా మాకు ఒక్క ఈమెయిలూ పంపలేదు. అడిగితే "సైటు నడుస్తోంది కదండీ" అన్నారు. డబ్బు కట్టే మనిషికి గడువు తీరుతోందని ముందుగా చెప్పడం కనీస ధర్మం.

డాట్‌నెట్ పాలకొల్లు

ధవళేశ్వరం గారు చెప్పింది ఒప్పుకుంటాను. మా వైపూ అదే జబ్బు ఉంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి 2023 అక్టోబర్ 10న గడువు అయిపోయింది, నేను చూసే చోట్ల ఇంకా నడుస్తున్నవి ఉన్నాయి. 2016కి 2027 జనవరి 12 ఆఖరు. అదనపు ప్యాచ్‌లు కావాలంటే డబ్బు కట్టాలి. ఇంకో మాట, 2016 నుంచీ లైసెన్సు కోర్ల లెక్క. సర్వర్‌కి కనీసం 16 కోర్లకి కొనాలి, మీ దగ్గర ఎనిమిదే ఉన్నా సరే. క్లౌడ్‌లో తీసుకుంటే లైసెన్సు ఖర్చు గంటల బిల్లులోనే కలిసి వస్తుంది. కాలేజీకి అది బరువే.

ఒకటి మాత్రం నిలబడి చెబుతాను. డాట్‌నెట్ అంటే విండోసే అన్న రోజులు పోయాయి. 2014లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ కోర్ సోర్స్ తెరిచింది, 2016లో మొదటి వెర్షన్ లినక్స్ మీద కూడా వచ్చింది. వాళ్ళ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా 2017 వెర్షన్ నుంచీ లినక్స్ మీద నడుస్తోంది. నేను ఇప్పుడు కొత్తగా రాసేవన్నీ కొత్త డాట్‌నెట్‌లోనే, ఉబుంటు మీదే పెడుతున్నా. అంటే నా సైటు హెడర్‌లో ఐఐఎస్ కనబడదు. మీ లెక్కల్లో నేను లినక్స్ వాటాలో పడతాను, రాసింది మాత్రం విండోస్ మనిషి.

గునుపూడి గారి కాలేజీ పాత ఫీజు సాఫ్ట్‌వేర్‌ను కదపాల్సిన పని లేదు. అది ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండనివ్వండి, ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి. రాత్రి ఒకసారి ఫీజు వివరాలు ఫైలుగా సైటుకి పంపేలా చిన్న ప్రోగ్రాం రాస్తే చాలు.

కాకినాడ ల్యాబ్

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. రెండు సంగతులు చెప్పి వెళ్తాను.

మొదటిది ప్రభుత్వం వైపు నుంచి. కేంద్రం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానం తెచ్చింది. ప్రభుత్వ ఈ-గవర్నెన్స్ పనులకి ఓపెన్ సోర్స్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. అంతకు చాలా ముందే ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళు డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్ తయారు చేశారు, 2007లో మొదటి వెర్షన్ వచ్చింది. ఇక ప్రభుత్వ సైట్ల వాటాలో ఒక చిత్రం గమనించండి. దేశంలో జిల్లాల సైట్లు చాలావరకు ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి ఎస్3వాస్ అనే ఒకే వేదిక మీద ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న మనకి కోనసీమ, ఏలూరు, కాకినాడ జిల్లాలు విడిగా ఏర్పడి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. ఆ కొత్త జిల్లాల సైట్లూ ఆ అచ్చులోనే వచ్చాయి. ఒక వేదిక కింద ఓఎస్ మారిస్తే వందల జిల్లాలు ఒకేరోజు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మారతాయి. దేశం శాతాలు చూసేటప్పుడు ఇది గుర్తుండాలి. వందల కలెక్టరేట్లు ఎవరికి వారు ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది.

రెండోది, సెక్రటరీ గారి అసలు ప్రశ్న: బాగుచేసేవాడు దొరుకుతాడా? నా దగ్గర చదివే పిల్లల ల్యాప్‌టాపుల్లో ఉబుంటు ఉంటుంది. ల్యాబ్‌లో షెల్ స్క్రిప్టులు రాయిస్తాం. బయటికి వెళ్ళాక క్లౌడ్ ఉద్యోగాలకి అదే అడుగుతున్నారు. భీమవరం చుట్టుపక్కలే ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. లినక్స్ తెలిసిన పిల్లలకి కరువు లేదు. కరువు ఉన్నది ఒకే సర్వర్‌ను అయిదేళ్ళు ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండేవాళ్ళకి.

కడియం మొక్కలు

పెద్దలందరికీ నమస్కారం. మాది నర్సరీ. ఆన్‌లైన్లో మొక్కలు అమ్ముతాం. మా సైటు నెలనెలా డబ్బు కట్టే షాపు సర్వీసులో ఉంది. ఇదంతా చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఓఎస్ ఏదో నేనూ తెలుసుకోవాలా?

ధవళేశ్వరం

అక్కర్లేదండి. మీరు కట్టే డబ్బులో ఓఎస్ ప్యాచ్‌లు వాళ్ళే వేసే పని కూడా ఉంది. మీ చేతిలో ఉన్నవి పాస్‌వర్డు, ఓటీపీ, ఆర్డర్ల కాపీ. ఆర్డర్లు, కస్టమర్ల వివరాలు నెలకోసారి దించి మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి.

గునుపూడి గారికి ఇంకో విషయం. ఏ ఓఎస్ పెట్టినా ఇది వర్తిస్తుంది. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. లాగ్‌లు (సర్వర్‌లో ఏం జరిగిందో రాసి ఉండే రికార్డులు) 180 రోజులు దేశం లోపలే దాచాలి, గడియారం ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైం సర్వర్లతో సరిపోవాలి, దాడి జరిగినట్టు తెలిస్తే ఆరు గంటల్లో తెలపాలి. లాగ్‌లు డిఫాల్టుగా కొన్ని వారాలకే చెరిగిపోయేలా ఉంటాయి. లాగ్‌రొటేట్ సెట్టింగు మొదటిరోజే మార్చుకోండి.

రొయ్యల రేటు, ఆకివీడు

పైన తొందరపడొద్దన్నారు కాబట్టి నా తరఫు కారణం కూడా చెబుతా. నేను ఉబుంటు ఎంచుకున్నది వాటా చూసి కాదు. ఏ ఎర్రర్ వచ్చినా దాని పేరు కొట్టి వెతికితే జవాబు దొరుకుతుంది. తుపాను రోజుల్లో ఇక్కడ రెండు రోజులు కరెంటు లేకపోయినా సర్వర్ ముంబైలో ఉంది కాబట్టి సైటు నడుస్తుంది. జనరేటర్ పెట్టి ఏరేటర్లు తిప్పుకుంటూనే ఫోన్లో రేటు మార్చేస్తాను. ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్లే పెట్టుకోండి, అయిదేళ్ళు ప్యాచ్‌లు వస్తాయి. 24.04 అయితే 2029 దాకా.

గునుపూడి, భీమవరం

కమిటీ మీటింగు అయ్యింది. శాతాల పట్టిక తీసుకెళ్ళలేదు. ఎలా లెక్కపెట్టినా మన దేశపు సైట్లలో లినక్సే ముందుందని ఒక్క ముక్క చెప్పి, పాత సైటు హెడర్ లైను ప్రింటు తీసి చూపించాను. 2024 జూన్ 30 అన్న తేదీ చూశాక సెక్రటరీ గారే "ఇన్నాళ్ళు మనకెవరూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. ఉబుంటు 24.04కి ఒప్పుకున్నారు. ఏటా ఒకసారి ఓఎస్ గడువు తేదీ మీటింగు ఎజెండాలో ఉండాలని మినిట్స్‌లో రాయించాను. నెలనెలా ప్యాచ్‌లు వేసి చూసే పనికి విడిగా డబ్బు ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది ఆ చివరిదే.

ఎప్పుడు మార్చాలన్నదే మిగిలింది.

ధవళేశ్వరం

హాల్ టికెట్ల వారంలో ముట్టుకోవద్దు. సెమిస్టర్ పరీక్షలయ్యాక చెయ్యండి. మార్చడానికి రెండు రోజుల ముందే డొమైన్ రికార్డుల టీటీఎల్ అయిదు నిమిషాలకి తగ్గించండి. ఇది నేను పైన చెప్పిన ప్యాకెట్ల టీటీఎల్ కాదు, డీఎన్ఎస్‌ది, అంటే సైటు పాత చిరునామా ఎంతసేపు గుర్తుండాలో చెప్పే సమయం. పాత కోడ్ పీహెచ్‌పీ 5.4కి రాసింది కాబట్టి 8లో మైఎస్‌క్యూఎల్ పాత ఫంక్షన్లు అసలు ఉండవు, అవన్నీ మార్చాలి. బ్యాకప్ తీశామని ఊరుకోకుండా దాన్ని వేరే యంత్రం మీద తెరిచి హాల్ టికెట్ ఒకటి ప్రింటు వస్తుందో లేదో చూడండి. పాత యంత్రాన్ని నెలరోజులు ఉంచి, బయటి ప్రపంచానికి మూసేసి, ఆ తర్వాత చెరిపించండి. పిల్లల వివరాలు అందులో మిగలకూడదు.

డాట్‌నెట్ పాలకొల్లు

ఫీజు ఫైలు పంపే ప్రోగ్రాం నేను రాసిస్తాను. పాలకొల్లు నుంచి మీ కాలేజీ ఎంత దూరం, వచ్చి చూస్తా. ఆఫీసు కంప్యూటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏ వెర్షనో చూసి ఇక్కడ రాయండి. 2014 అయితే దానికీ గడువు అయిపోయింది, ముందు దాని సంగతి చూద్దాం.